వరుసలో పద్దెనిమిది సంవత్సరములు

మా విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల సంఘములలో, ఇంటికొకరో రెండిళ్లకొకరో పరదేశంలో ఉన్నవారే. ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకొనేటప్పుడు, వేటకు వెళ్లిన బోటు క్షేమంగా రావాలన్న మనవి పక్కనే "మా వీసా కోసం ప్రార్థించండి" అన్న మనవి కూడా వినబడుతుంది. కాని అది ఏ వీసా, ఎంత కాలం పడుతుంది, ఎందుకు పడుతుంది అని అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. తెలియనిచోట దళారికి పని దొరుకుతుంది. ప్రభువు మమ్మును పద్దెనిమిది సంవత్సరములు ఆ వరుసలో నిలబెట్టి నేర్పిన సంగతులు తోటి కుటుంబములకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా ఇంటి ఆడపడుచు నర్సుగా అమెరికా వెళ్లింది. 2004లో ఆమెకు అక్కడి పౌరసత్వము వచ్చింది. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారు అన్నదమ్ముల కోసం దరఖాస్తు పెట్టలేరు. 21 ఏళ్లు నిండిన పౌరులే పెట్టగలరు. 2005 ఆగస్టులో ఆమె మా కుటుంబము కొరకు ఐ-130 అనే పిటిషను వేసింది. అప్పటికి మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి మూడేళ్లు. ఆ సంగతి తెలిసిన బంధువులు మరుసటి క్రిస్మసుకే మాకు వీడ్కోలు చెప్పేశారు!

ఇది ఎందుకు ఆలస్యమగునో మొదట చెప్పాలి. అమెరికా పౌరుల భార్య లేక భర్త, తల్లిదండ్రులు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు – వీరికి ఏడాదికి ఇంతమందే అన్న పరిమితి లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నాలుగవ తరగతి. 1990లో చేసిన చట్టము ప్రకారం ఈ తరగతికి ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి సుమారు 65,000 వీసాలు. వెంట వెళ్లే భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. పైగా ఏ ఒక్క దేశమునకూ 7 శాతం మించకూడదని మరొక నియమము. చిన్న దేశమైనా, నూరు కోట్లు దాటిన మన దేశమైనా అదే కొలత.

పిటిషను అందిన తేదీయే మన టోకెను. దానిని ప్రయారిటీ తేదీ అంటారు. ఎంతవరకు పిలుస్తున్నారో ప్రతి నెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తారు. 2025లో మన దేశపు అన్నదమ్ముల వరుస 2006లో పిటిషను వేసినవారి దగ్గర నడిచింది. ఒక నెల గడిస్తే వరుస కూడా ఒక నెల జరుగునని అనుకోరాదు. కొన్నాళ్లు కదలదు, ఒక్కొక్కసారి వెనుకకు కూడా పోతుంది. పిటిషను వేసినవారు మధ్యలో మరణిస్తే సాధారణంగా అది రద్దవుతుంది. మానవతా దృష్టితో నిలపమని వేడుకోవాలి. అందుచేత ఆడపడుచు ఆరోగ్యము కూడా మా అనుదిన ప్రార్థనలో చేరింది.

అమ్మకు ఈ వరుస లేదు. కూతురు పిలిస్తే ఆమె మాకంటే ఎన్నో ఏళ్లు ముందే వెళ్లగలిగేది. "సముద్రం చప్పుడు వినబడకపోతే నాకు నిద్ర పట్టదమ్మా" అని వద్దంది. 2016లో ప్రభువునందు నిద్రించింది.

పిటిషనులో రుజువు చేయవలసిన మొదటి సంగతి, వీరిద్దరూ ఒక తల్లి బిడ్డలేనా అన్నది. అన్నా చెల్లెళ్లు ఇద్దరూ 1960లలో ఇంటిలోనే, మంత్రసాని చేతిలో పుట్టినవారు. మన దేశములో జనన మరణముల నమోదు చట్టము వచ్చినదే 1969లో. మున్సిపాలిటీవారు వెదికి, ఆ పేర్లు తమ పుస్తకములో లేవని ధ్రువపత్రమిచ్చారు. అటువంటప్పుడు అమెరికా నియమములు వేరే రుజువులను అంగీకరిస్తాయి. వాటిలో సంఘపు రిజిస్టరు ఒకటి. పుట్టిన రెండు నెలలలోపు బాప్తిస్మము గాని ప్రతిష్ఠ గాని జరిగి, పుట్టిన తేదీ, స్థలము, ఆ కార్యము జరిగిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉండి, సంఘపు ముద్ర ఉంటే అది రుజువుగా పనికి వస్తుంది.

మా సంఘములో శిశువులకు బాప్తిస్మమిచ్చే ఆచారమున్నది. మా అయ్యగారు ఇనుప బీరువా తెరచి పాత రిజిస్టరు తీశారు. ఒక పేజీలో అన్న పేరు. నాలుగేళ్ల తరువాతి పేజీలో చెల్లి పేరు. రెండు చోట్లా అవే తల్లిదండ్రుల పేర్లు. ఎప్పుడో గతించిన ఒక పాస్టరుగారు ఓపికగా నింపిన ఆ గడులే మా కుటుంబమునకు సాక్షులైనవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు మా పైకప్పు రేకులు ఎగిరిపోయి, పెట్టెలోని స్కూలు సర్టిఫికేట్లు ముద్దయిపోయాయి. బీరువాలోని రిజిస్టరు చెక్కుచెదరలేదు. సంఘ కాపరులకు మా మనవి: ఆ పుస్తకములో ఏ గడినీ ఖాళీగా విడువకండి.

పిటిషను 2010లో, అంటే ఐదేళ్లకు, ఆమోదము పొందింది. ఆమోదము అంటే వీసా కాదు. మీరు వరుసలో ఉండుటకు అర్హులు అని మాత్రమే. ఆపైన ఎదురుచూపులో మా ఇంటికి వచ్చిన పెద్ద పరీక్ష 2018లో వచ్చింది. మా సంఘపు యువకుడే, పోర్టులో పని చేసే అబ్బాయి, మా అమ్మాయిని అడిగారు. మంచి కుటుంబము. అయితే పెళ్లయితే ఆమె మాతో వచ్చే అర్హత పోతుంది. వయసు సంగతి కూడా ఉన్నది. 21 నిండితే పిల్లల లెక్కలోనుండి తీసివేస్తారు గాని, 2002లో వచ్చిన ఒక చట్టము ప్రకారం, వరుస మన తేదీకి వచ్చిన రోజున ఉన్న వయసులోనుండి పిటిషను ఆమోదమునకు పట్టిన కాలమును తగ్గిస్తారు. అమ్మాయికి 24. ఐదు తీసివేస్తే 19. అంటే ఇంకా రెండేళ్లు గడువున్నట్టే.

"రెండేళ్లు ఆగండి, అమెరికా సంబంధమే వస్తుంది" అని చెప్పినవారే ఎక్కువ. మేము రాత్రులు మోకరించి అడిగాము. చివరకు అమ్మాయినే అడిగాము. "రెండేళ్లకూ రాకపోతే మూడో ఏడు నన్నేం చేస్తారు నాన్నా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. ఆ సంవత్సరమే పెళ్లి జరిపించాము. ఆ వివాహము కూడా అదే అయ్యగారు సంఘపు రిజిస్టరులో రాశారు.

2020 మార్చి 20న కరోనా కారణముగా ప్రపంచమంతటా అమెరికా కాన్సులేట్లలో మామూలు వీసా పనులు నిలిపివేశారు. ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు వలన మా తరగతి వీసాలు 2021 ఫిబ్రవరి వరకు ఆగిపోయాయి. వరుస మా తేదీని అందుకొనేసరికి అమ్మాయికి 27 దాటాయి. ఐదు తీసివేసినా 22 పైనే. పెళ్లి ఆపి ఉంచినా వీసా వచ్చేది కాదు. అబ్బాయికి మాత్రం వయసు సరిపోయింది.

తేదీ వచ్చిన వెంటనే పిలుపు రాదు. ఒక్కొక్కరికి 325 డాలర్ల రుసుము కట్టాలి. ఆడపడుచు తన ఆదాయము చూపి, మాకు తాను ఆధారమని హామీపత్రము ఇవ్వాలి. పాస్‌పోర్టు కార్యాలయమునుండి పోలీసు క్లియరెన్సు తేవాలి. ఇవన్నీ సరిపోయాయని తేలిన తరువాత ఇంటర్వ్యూ కొరకు మళ్లీ నిరీక్షణ. కరోనా కాలములో పేరుకుపోయిన దరఖాస్తుల వలన మాకది 2023 వరకు సాగింది.

ఆ దినములలోనే కాగితములు నింపిపెట్టే ఒకాయన మాతో అన్నాడు: "అమ్మాయి పెళ్లి సంగతి రాయకండి. పుట్టిన సంవత్సరం మార్చిన సర్టిఫికేటు నేను తెప్పిస్తాను. ఎవరు చూడొచ్చారు?" మోసము బయటపడితే ఆ దేశములో ప్రవేశము జీవితాంతము మూసుకుపోవచ్చును. ఆ భయము సంగతి అటుంచండి. ఏ పుస్తకము మేము ఒక తల్లి బిడ్డలమని సాక్ష్యము చెప్పిందో, ఆ పుస్తకములోనే మా అమ్మాయి వివాహమున్నది. ఒక పేజీని నమ్మమని చూపి, మరొక పేజీని దాచుట ఎట్లు? ఆయనకు నమస్కారము చెప్పి, దరఖాస్తులో అమ్మాయి పేరు, పెళ్లి అయినదన్న మాట ఉన్నది ఉన్నట్టు రాశాము.

హైదరాబాదులో కాన్సులేటు ఉన్నా, ఈ ఇంటర్వ్యూకు మమ్మును ముంబైకే పిలిచారు. లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముగ్గురమూ వెళ్లాము. ముందుగా వారు గుర్తించిన డాక్టర్ల వద్ద వైద్యపరీక్ష, టీకాలు అయినవి. కిటికీ దగ్గర అధికారి కాగితములు తిరగవేసి, "మీ పెద్దమ్మాయి రావడం లేదా?" అని అడిగారు. "ఆమెకు పెళ్లయిందండి" అన్నాము. పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు కొద్ది నిమిషములలో ముగిసింది. దేవునికి స్తోత్రము, మూడు వీసాలు వచ్చాయి.

మేము ఇక్కడికి వచ్చి రెండేళ్లు దాటింది. అబ్బాయి చదువుకుంటున్నాడు. అమ్మాయి, అల్లుడు, మనవరాలు హార్బరు దగ్గరే ఉన్నారు. ఐదేళ్లకు మేము పౌరులమైతే ఆమె కొరకు పిటిషను వేయవచ్చు గాని, పౌరుల పెళ్లయిన పిల్లల వరుస కూడా 2025లో 2010, 2011 సంవత్సరముల దగ్గరే ఉన్నది. ఆ మాట ఫోనులో చెబితే, "మమ్మల్ని వరుసలో నిలబెట్టకండమ్మా, మీరే వస్తూ పోతూ ఉండండి" అన్నది. మనవరాలిని ఎత్తుకొనవలసిన వయసులో ఫోనులో చూసుకొనుట మాకు భారముగానే ఉన్నది. ఈ వీసాకు మేము చెల్లించిన వెలలో అదీ ఒకటి.

ఇప్పుడు వరుసలో ఉన్న కుటుంబములకు ఒక మాట. తూర్పు తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధము. ఆ రోజులలో మన హార్బరు చేతులు ముడుచుకొని కూర్చోదు. వలలు బాగుచేసుకుంటారు, బోటుకు రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు. మాకు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. మాకు చేతినిండా పని దొరికేది ఆ రెండు నెలలలోనే. వీసా కాలమును కూడా ఆలాగే గడపాలి. వీసా చేతికి రాకముందు ఇల్లు గాని, బోటు గాని, వ్యాపారము గాని అమ్ముకోకండి. మేము షెడ్డును వీసాలు పాస్‌పోర్టులో పడిన తరువాతనే మా దగ్గర పని నేర్చిన కుర్రవానికి అప్పగించాము. పిల్లల చదువులు, వివాహములు ఆపకండి. పేర్లు, తేదీలు అన్ని కాగితములలో ఒకే విధముగా ఉండునట్లు ఇప్పుడే సరిచూసుకోండి.

యిర్మీయా 29వ అధ్యాయము కుటుంబ ప్రార్థనలో చదువుకోండి. చెరలో ఉండి, రేపో మాపో వెళ్లిపోతామని ఎదురుచూచువారికి ప్రవక్త ఉత్తరము రాస్తూ, ఇండ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, కుమారులకు కుమార్తెలకు పెండ్లిండ్లు చేయుమని చెప్పాడు. మేము దానిని ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు. దేవుడు మీ నిరీక్షణను ఆశీర్వదించును గాక.