నేను కత్తిరించి పారేసిన ముక్క

హోసూరులో మా అమ్మ చేతి పెరుగుకు మా వీధంతా పేరు. ఆ చెయ్యి నాకూ వచ్చిందని ఆవిడ నమ్మకం. "పాపా, నువ్వు తోడేస్తే కత్తితో కోయవచ్చు" అనేది. పెరుగు తోడుకోవడమంటే సూక్ష్మజీవులు పెరగడమే కదా! నేను ఎమ్మెస్సీలో మైక్రోబయాలజీ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

అలాంటి నా చేతిలో 1989లో నాలుగు నెలలపాటు ఒక్కటీ సరిగ్గా మొలవలేదు.

అప్పుడు బెంగళూరులో ఒక లేబరేటరీలో పరిశోధనకు చేరాను. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నాకప్పగించిన పని కోలిసిన్ ఈ3 అనే విషం మీద. మన పేగుల్లో కాపురముండే ఇ.కోలై అనే సూక్ష్మజీవుల్లో కొన్ని, తమ జాతిలోనే పరాయివాళ్ళను చంపడానికి ఇలాంటి విషాలు తయారుచేస్తాయి. బెల్జియంలో ఆంద్రే గ్రాషియా అనే శాస్త్రవేత్త 1925లో వీటిని మొదట గమనించాడు. ఈ3 చేసే పని వింటే ఒళ్ళు జలదరిస్తుంది. విటమిన్ బి12 లోపలికి రావడానికి కణం పెట్టుకున్న ద్వారాన్నే పట్టుకుని ఇది లోపలికి దూరుతుంది. ప్రోటీన్లు తయారయ్యే రైబోజోములో ఒకే ఒక్కచోట కోత పెడుతుంది. ఆ ఒక్క కోతతో ప్రోటీన్ల తయారీ ఆగిపోయి కణం చచ్చిపోతుంది.

ఆ విషపు జన్యువును విడదీసి మామూలు ఇ.కోలైలో పెట్టి పెంచాలి. ఎంత జాగ్రత్తగా చేసినా పొద్దున్నే తీసి చూస్తే ప్లేట్లు ఖాళీ. ఎప్పుడైనా ఒకటీ అరా చుక్క కనబడితే సంబరపడేదాన్ని. తీరా చూస్తే దానిలో ఆ జన్యువు చెడిపోయి ఉండేది. ఒకరోజు మా గైడుగారు ప్లేట్లు చూసి, అందరి ముందూ, "నీ చేతికి ఏదీ మొలవదమ్మా" అన్నారు. ఆయన మరిచిపోయి ఉంటారు. నేను హోసూరు వచ్చేదాకా బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ వారం ఇంట్లో తోడు కూడా వేయలేదు.

మానేద్దామనుకుంటూనే లైబ్రరీలో పాత సంపుటాలు తిరగేశాను. 1974లో కేరెన్ జేక్స్, నార్టన్ జిండర్ రాసిన వ్యాసం కంటబడింది. ఎంత శుద్ధి చేసినా ఈ3ను అంటిపెట్టుకుని ఒక చిన్న ప్రోటీను ఉంటుందట. దాన్ని విడదీస్తేనే విషం పూర్తిగా పదునెక్కుతుందట. ఆ చిన్నదాని పేరు ఇమ్యూనిటీ ప్రోటీను. కేవలం 84 అమైనో ఆమ్లాలు. విషంలో 551 ఉంటాయి. కత్తికి ఒరలాగా వెళ్ళి కోత పెట్టే భాగాన్ని కప్పేస్తుంది. ఏ విషానికి దాని విరుగుడే కావాలి. ఈ2 విరుగుడు ఈ3కి పనికిరాదు.

విరుగుడు జన్యువు ఎక్కడుందో చూసుకుని తల పట్టుకున్నాను. విషపు జన్యువు పక్కనే! మా పనికి అక్కర్లేని ముక్క అని నేను కత్తిరించి పారేసింది దాన్నే. విరుగుడు లేని విషాన్ని కణంలో పెట్టి, అది బతకలేదేమని నా చేతిని తిట్టుకున్నాను. రెండు జన్యువులూ కలిపి మళ్ళీ చేశాను. మర్నాడు ప్లేటు నిండా ముత్యాలు చల్లినట్టు కాలనీలు!

ఆ తర్వాత తెలుసుకున్న సంగతి ఇంకా ఆశ్చర్యం. విరుగుడు విషం తయారుచేసిన కణాన్ని కాపాడుతుందనే నేననుకున్నాను. నిజానికి ఆ కణం బతకదు. గుంపులో ఏ కొన్నో, డీఎన్ఏ దెబ్బతిన్న ఆపద సమయంలో విషం తయారుచేస్తాయి. దాన్ని బయటికి వదలడానికి అవి పగిలిపోవాల్సిందే. విషం తయారుచేయని తోబుట్టువులు మాత్రం విరుగుడును ఎప్పుడూ కొద్దికొద్దిగా చేసుకుంటూనే ఉంటాయి. విషం బయటికి వచ్చిన నాడు పరాయివి చస్తాయి, ఇంటివాళ్ళు మిగులుతారు. ఆ ఇంట్లోనే పుట్టి విరుగుడు జన్యువును పోగొట్టుకున్న కణం ఉంటే, అదీ పరాయివాటితోపాటు పోతుంది.

తర్వాత నేను కాలేజీలో పాఠాలు చెప్పాను. ఏటా ఈ కథ చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. ఒక ఏడాది ప్రాక్టికల్సు రోజున ఒకమ్మాయి మూడోసారి ఖాళీ ప్లేటు తెచ్చింది. నాకు ఇంట్లో ఏవో చికాకులు. "నీ చేతికి ఏదీ మొలవదే తల్లీ" అనేశాను. ఆ పిల్ల ముఖం చూశాక గాని నేనన్నది ఎవరి మాటో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆ విషాన్ని భద్రంగా దాచుకున్నాను. పక్కనే ఉండాల్సిన విరుగుడును మాత్రం ఎప్పుడో కత్తిరించి పారేసుకున్నాను.

మర్నాడు అందరి ముందే తప్పయిందని చెప్పి, ఆ పిల్ల పక్కన కూర్చుని మొదటి నుంచీ చేయించాను. మీడియంలో మందు మోతాదు ఎక్కువైంది. అది కలిపి ఇచ్చింది నేనే.

ఇప్పుడు రిటైరయ్యాను. రాత్రిపూట తోడు వేస్తున్నప్పుడు ఆ పిల్ల ముఖం గుర్తొస్తుంది. మాట అనకుండా ఉండటం మనలాంటి సంసారులకు అన్నివేళలా సాధ్యం కాదు. నోట్లో విషం ఊరినప్పుడు పక్కనే విరుగుడు కూడా ఊరితే చాలు. 84 పూసల చిన్న ప్రోటీను నాకు నేర్పింది ఇంతే.