నిస్సాన్ వచ్చింది... కారు రాలేదు!

టైర్లు ఇక్కడ తయారవుతాయి. ట్రాక్టర్లు, ఆటోలు, బుల్లి ట్రాలీలు ఇక్కడే రోడ్డెక్కుతాయి. ఒకప్పుడు జపాన్ పేరు పెట్టుకున్న వ్యాను కూడా ఈ గడ్డ మీదే పుట్టింది. ఒక్క చిన్నకారు మాత్రం సంగారెడ్డి జిల్లా వైపు తొంగిచూడలేదు. ఎందుకని?

హైదరాబాద్ నుంచి ముంబయి వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి. పాతకాలం డ్రైవర్లకు మాత్రం ఇప్పటికీ అది 'బొంబాయి రోడ్డే'. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్, ఆ పక్కనే పారిశ్రామికవాడ... దారి పొడవునా షిఫ్టు బస్సులూ లారీలే. రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర బండి ఆపి, స్వామికి ఓ దండం పెట్టుకుని ముందుకెళ్లేవాళ్లు ఎందరో. అదే రుద్రారంలో జపాన్‌కు చెందిన తోషిబా ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేస్తోంది. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ. కంకోల్ టోల్‌గేటు దాటితే దృశ్యం మారిపోతుంది. ఎర్రనేలలు, చెరకు తోటలు, ఆలుగడ్డ చేలు, కోహీర్ జామపండ్లు. హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు కూతవేటులో జహీరాబాద్. జపాన్ వాహనం కథ మొదలైంది అక్కడే.

తాళం ఇచ్చిన మెదక్ ఎంపీ

1983 డిసెంబరు 14. మొట్టమొదటి మారుతి 800 తాళాలను కొనుగోలుదారుడి చేతికి అందించారు ప్రధాని ఇందిరాగాంధీ. సుజుకీ పరిజ్ఞానంతో తయారైన ఆ 796 సీసీ కారు దేశంలో మధ్యతరగతి కలనే మార్చేసింది. అప్పట్లో ఇందిర మెదక్ ఎంపీ! 1980 ఎన్నికల్లో ఇక్కడా, రాయబరేలీలోనూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. ఎద్దుమైలారంలో యుద్ధవాహనాల కర్మాగారానికి 1984లో శంకుస్థాపన చేసిందీ ఆవిడే. అలా పల్లెలకు ఫ్యాక్టరీ సైరన్ అలవాటైంది. జపాన్ బండి కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది... కాకపోతే కారు రూపంలో కాదు.

ఆల్విన్ చెయ్యి పట్టుకుని...

హైదరాబాద్ ఆల్విన్ అంటే తెలియని తెలుగిల్లు ఉండేది కాదు. నిజాం కాలంలో, 1942లో పుట్టిన ఆ సంస్థ ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, జపాన్ సీకో సాయంతో చేతిగడియారాలూ తెచ్చింది. తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీకి జపాన్ కంపెనీలతో చేతులు కలపడానికి కేంద్రం అనుమతించినప్పుడు ఆల్విన్ కూడా ముందుకొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం-టయోటా, పంజాబ్‌లో స్వరాజ్-మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్-మిత్సుబిషి, మన దగ్గర ఆల్విన్-నిస్సాన్! జహీరాబాద్ ఫ్యాక్టరీ నుంచి 'క్యాబ్‌స్టార్' వాహనాలు బయటికొచ్చాయి. నలుగురూ జపాన్ చుట్టాలే, నలుగురి గుమ్మం ముందూ ఆశల ముగ్గులే.

యెన్ కొట్టిన దెబ్బ

ఆ ముగ్గు త్వరగానే చెరిగింది. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు సంపన్న దేశాలు ఓ ఒప్పందం చేసుకున్నాయి. డాలరు విలువ తగ్గాలి, యెన్ పెరగాలి. అంతకుముందు 240 యెన్‌ల దాకా పలికిన డాలరు రెండు మూడేళ్లలోనే దాదాపు సగానికి పడిపోయింది. బండి ఇక్కడ బిగించినా కీలక భాగాలు రావాల్సింది జపాన్ నుంచే కదా! వాటి ధర భగ్గుమంది. ఎక్కడో అమెరికాలో సంతకం పెడితే జహీరాబాద్‌లో వ్యాను రేటు పెరిగింది. సరిగ్గా 1986లో టాటా సొంతంగా రూపొందించిన 407తో రంగంలోకి దిగింది. నలుగురు జపాన్ చుట్టాలకూ చెమటలు పట్టాయి.

దశాబ్దం చివరికి ఆల్విన్-నిస్సాన్ పగ్గాలు మహీంద్రా చేతికి వెళ్లాయి. కొన్నాళ్లు మహీంద్రా-నిస్సాన్-ఆల్విన్ అని మూడు పేర్లూ కలిసి నడిచాయి. తరువాత రెండు పేర్లు చెరిగిపోయి ఒక్కటే మిగిలింది.

సముద్రం పక్కకు చేరిన చిన్నకారు

నిస్సాన్ మళ్లీ భారత్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఈసారి జహీరాబాద్‌లో కాదు, చెన్నై దగ్గర ఒరగడంలో. రెనోతో కలిసి కట్టిన ఆ ఫ్యాక్టరీ 2010లో మొదలైంది. అదే ఏడాది మైక్రా చిన్నకారు వచ్చింది. ఎన్నోర్ ఓడరేవు నుంచి ఓడలెక్కి యూరప్‌కూ వెళ్లింది. ఎగుమతి చేసే కారుకు సముద్రం దగ్గరుండాలి, విడిభాగాల కంపెనీలు చుట్టూ ఉండాలి. చెన్నైకి రెండూ ఉన్నాయి.

మైక్రా పునాది మీదే వర్ధమాన దేశాల కోసం 'డాట్సన్ గో' తయారైంది. మూలనపడిన డాట్సన్ పేరును దుమ్ము దులిపి, 2014 మార్చిలో రూ.3.12 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్లోకి దించారు. మారుతి 800 తయారీ ఆగిపోయిందీ ఆ ఏడాదే. ఇండొనేసియా, దక్షిణాఫ్రికాల్లోనూ అమ్మారు. కానీ చౌక కారంటే భద్రతలోనూ చౌకేనా? 2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి పరీక్షిస్తే పెద్దల భద్రతలో దానికి ఒక్క స్టారూ రాలేదు. 'తక్కువ ధర' అనే ఒకేఒక్క మాటతో కొనుగోలుదారుణ్ని ఒప్పించడం అసాధ్యమని తేలిపోయింది. 2022లో మనదేశంలో డాట్సన్ తలుపులు మూసుకున్నాయి. ఒరగడం ఫ్యాక్టరీలోని తన వాటాను రెనోకు ఇచ్చేస్తున్నట్టు 2025లో నిస్సాన్ ప్రకటించింది.

పోయిందేమిటి... మిగిలిందేమిటి?

మరి జహీరాబాద్? అక్కడ యంత్రాలు ఆగిపోలేదు. మూడు చక్రాల ఆల్ఫా ఆటోలు వచ్చాయి. 2013లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, 2015లో జీతో బుల్లి ట్రక్కు, ఆపైన కరెంటు ఆటోలు... ఏదీ షోరూము అద్దాల వెనక మెరిసే బండి కాదు. కూరగాయలు మోసేది ఒకటి, పొలం దున్నేది ఒకటి, కూలీలను దించేది మరొకటి. ఓడరేవు అవసరం లేని, పల్లెకు దగ్గరైన బండ్లు. ఈ నేలకు తగ్గవి!

కథ ఇంకా ముగియలేదు. 2024 ఆగస్టులో జహీరాబాద్‌కు కేంద్రం పారిశ్రామిక స్మార్ట్ నగరాన్ని మంజూరు చేసింది. 3,245 ఎకరాలు, రూ.2,361 కోట్లు. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల రైతులకు మాత్రం అది అంకెల లెక్క కాదు, ఆలుగడ్డ, చెరకు పండించే భూమి లెక్క. వచ్చే కంపెనీ పేరు జపాన్‌దా, కొరియాదా అన్నది వాళ్ల ప్రశ్న కాదు. బోర్డు మీద పేరు మారినా, పక్క ఊరి పిల్లలకు పని మిగులుతుందా అన్నదే! ఆల్విన్ పోయింది, నిస్సాన్ పోయింది, పని మాత్రం మిగిలింది. నాలుగు దశాబ్దాల కిందటి ఆ చిన్న వ్యాను ఈ జిల్లాకు ఇచ్చిన అసలు ఆస్తి అదే.