మందు తెచ్చిన విషాదము
1989లో హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించుటకు పూర్వమే, ప్రసవవేళ ఎక్కించిన రక్తముతో మా అమ్మ కాలేయమున చేరి ఏండ్లకొలది సడిచేయక యుండిన ఆ వ్యాధికి, 2013లో సోఫోస్బువిర్ రాకమునుపు, వారమునకొక ఇంటర్‌ఫెరాన్ సూదియు, నిత్యము రైబావిరిన్ బిళ్ళలును ప్రధాన శరణ్యములు. సూది పడిన రాత్రి చలిజ్వరమున దంతములు కొట్టుకొనుచుండ, దుప్పట్లు కప్పి పాదములొత్తుచు కూర్చుండెడివాడను. రైబావిరిన్ ఎర్రకణములను హరించుటచే వంటింటి గడప దాటుటకే ఆమె ఆయాసపడెడిది. అదియైనను సహింపవచ్చును గాని, ఎన్నడును పరుషమాడని తల్లి, చారన్నము గిన్నెను త్రోసివైచి, గోడవంక తిరిగి నిష్కారణముగ కన్నీరు కార్చుట దుస్సహము. ఆ విషాదము ఇంటర్‌ఫెరాన్ వలన కలుగునదని వైద్యుడు ముందే హెచ్చరించెను గనుక, ఆ కసరులను మందువిగానే యెంచి, మరల అన్నము కలిపెడివాడను. నేడు పండ్రెండు వారముల మాత్రలతోనే నయమగుచున్నదని విన్నప్పుడెల్ల ఆనందముతోపాటు, అమ్మ అనుభవించిన ఆ మాసములను తలచి కాలముపై కినుకయు కలుగును.