అంబాసిడర్ పోయింది, న్యూట్రల్ పోలేదు

రాజమండ్రి రోడ్ కం రైలు వంతెన దాటి కొవ్వూరు వైపు దిగేటప్పుడు, పక్క సీట్లో కూచుని గేరు రాడ్ మీద ఓ కన్నేసి ఉంచండి. యాభై దాటిన వాళ్లెవరు తోలుతున్నా సరే, పల్లం రాగానే చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి పోతుంది. పెట్రోలు కలిసొస్తుందని ధీమా. 1974లో ఆ వంతెన మొదలైన నాటి బళ్లకి అది నిజమే లెండి. కాలు తీసేసినా, ఇంజను తిరుగుతున్నంత సేపూ కార్బ్యురేటరు పెట్రోలు పోస్తూనే ఉండేది. కానీ అంబాసిడర్ల తయారీ కూడా 2014లో ఆగిపోయిందండీ!

ఇప్పటి బండిని గేరులో ఉంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజన్ని తిప్పుతున్నాయని లోపలి కంప్యూటరు కనిపెట్టి, వేగం బాగా తగ్గేదాకా ఇంజెక్టర్లు మూసేస్తుంది. చుక్క పడదు. న్యూట్రల్ చేశారో, ఇంజను ఆగిపోకుండా మళ్లీ పోయాల్సిందే. పొదుపనుకున్నదే ఖర్చు! ఇంకొందరు మహానుభావులు ఏకంగా తాళం తిప్పి ఇంజనే ఆపేస్తారు. స్టీరింగు బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు మొండికేస్తుంది. మారేడుమిల్లి ఘాట్‌లో అలాంటి వాళ్ల బండి నేను ఎక్కను గాక ఎక్కను. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట మాత్రం ఇవాళ్టికీ రైటే.

పొద్దున్నే స్టార్టు చేసి, కాఫీ తాగొచ్చేదాకా బండిని అలా వదిలేయడం ఇంకోటి. చోక్ లాగి బతిమాలుకునే రోజుల్లో తప్పేది కాదు. అయినా మన జిల్లాల్లో చలి ఎంతండీ, సంక్రాంతికి కూడా ఒక్క దుప్పటి చాలు! అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోనిస్తే నడుస్తూనే వేడెక్కుతుంది. ఆపేముందు ఎక్సలేటర్ తొక్కి ఓసారి బుర్రుమనిపించడం ఇప్పుడు శుద్ధ దండగ, టర్బో బండికైతే చేటు కూడా. హైవే మీద దంచి తోలుకొచ్చాక, ఆపేముందు అర నిమిషం ఊరికే తిరగనివ్వడం మాత్రం దానికి మంచిదే.

అన్నిటికన్నా చిత్రం, మెల్లగా తోలితే ఇంజను పదికాలాలు ఉంటుందన్న నమ్మకం. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక డీజిల్ కార్ల పొగ దారిలో మసి పట్టే ఫిల్టరు పెట్టారు. ఆ మసి కాలిపోవాలంటే అది బాగా వేడెక్కాలి. కోనసీమ కాలవ గట్ల మీద, ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే వెనక్కి తీసుకుంటూ, రోజుకో నాలుగు కిలోమీటర్లు తోలితే ఎక్కడ వేడెక్కుతుంది? మసి పేరుకుని డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. వెలిగితే కంగారుపడకండి. బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి; చాలావాటిలో రాసుండే వైద్యం ఒకటే, ఆపకుండా కాసేపు వేగంగా తోలమని. రావులపాలెంలో హైవే ఎక్కి ఓసారి తణుకు దాకా వెళ్లి రండి.