పెద్ద నాబు

మన క్లబ్ రూములో ఉన్న గిటార్ యాంప్‌ను దగ్గరగా చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. గెయిన్, బేస్, ట్రెబుల్ నాబులు మూడూ చిన్నవి, ఒకే రకం. వాల్యూమ్ నాబు మాత్రం నల్లగా, లడ్డూ అంత ఉంటుంది, పక్కన స్క్రూ కూడా ఉంటుంది. "ఇదెక్కడ దొరికింది బ్రో?" అని చాలామంది అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ కథ ఇప్పుడు రాస్తున్నాను. నేను ఇంగ్లీషు మీడియం వాణ్ణి, ఒత్తులు ఎక్కడన్నా ఎగిరిపోతే సర్దుకోండి.

మాది బుక్కరాయసముద్రం, అనంతపురం పక్కనే. బుక్కరాయల పేరు, దానికి తోడు సముద్రం! చెరువైతే ఉంది, నీళ్ల సంగతి మాత్రం ఆ ఏడు వాన చెప్పాలి. ఒక శుక్రవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా యాంప్‌ను బైకు వెనక కట్టుకుని ఇంటికి బయల్దేరాను. శని, ఆదివారాలు వాయించుకుని సోమవారం పెట్టేద్దామని ప్లాన్. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర తాడు జారింది. యాంప్ బోర్లా పడింది. వాల్యూమ్ నాబు పగిలి, దాని కింది కడ్డీ వంగింది.

నేను చేసిన పని ఏమిటంటే, ఫెవిక్విక్ కొన్నాను. వంగిన కడ్డీని ప్లయర్‌తో లాగి నిలబెట్టి, పగిలిన నాబును దాని మీద అతికించాను. పైకి చూస్తే ఏమీ కాలేదన్నట్టే ఉంది. తిప్పి చూడలేదు. నిజం చెప్పాలంటే, తిప్పడానికి భయమేసింది. సోమవారం పొద్దున అందరికంటే ముందొచ్చి యాంప్‌ను దాని చోట పెట్టేశాను.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఒక ఫస్టియర్ తమ్ముడు వాల్యూమ్ తిప్పబోయాడు. తిరగలేదు. కొంచెం గట్టిగా తిప్పాడు. టప్‌మని కడ్డీతో సహా నాబు చేతిలోకి వచ్చేసింది. గ్రూపులో మెసేజీలే మెసేజీలు. "మెల్లగా పట్టుకోవడం రాదా?" అని ఒకరు, "క్లబ్ వస్తువంటే లెక్క లేదు" అని ఇంకొకరు. వాడు "సారీ అన్నా, మూడు వందలు ఇస్తాను" అని పెట్టాడు. అప్పుడైనా నేను చెప్పాలి కదా. నేను పెట్టిన మెసేజ్ ఇది: "పర్లేదు, నేను బాగు చేయించుకొస్తా." దానికి పదకొండు లైకులు.

మా నాయన ఒకప్పుడు మైకుసెట్టు నడిపేవాడు. పెళ్లిళ్లు, ఎలక్షన్లు, కొండమీదరాయుడి తిరునాళ్లు, అన్నీ చేశాడు. డీజేలు వచ్చాక మానుకున్నాడు. యాంప్ ఇంటికి తెచ్చి "మా జూనియర్ విరగ్గొట్టాడు నాయనా" అన్నాను. ప్లగ్గు పీకించాడు. వెనక మూత తీశాక లోపల చెయ్యి పెట్టనీయలేదు. పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుందని, వాటి కాళ్లకు ఒక బల్బు తగిలించి ఖాళీ చేశాకే స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

మా ల్యాబ్‌లో పొటెన్షియోమీటర్ అనేదాన్ని నాయన వాల్యూమ్ కంట్రోల్ అంటాడు. గుండ్రటి కార్బన్ పట్టీ, దాని మీద జరిగే చిన్న లోహపు నాలిక, మూడు కాళ్లు, అంతే. విరిగినదాన్ని ఊడదీసి, వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. కడ్డీ దూరే గొట్టంలోంచి లోపలి పట్టీ దాకా తెల్లగా పొర కట్టి ఉంది.

"ఇది విరిగినాక పోసిన గమ్ము కాదురా. ముందే ఎవురో పోసినారు, అందుకే తిరగల్యా. ఎవురు?"

ఒక నిమిషం ఆగి "నేనే" అన్నాను.

"మరి పిల్లోడు విరగ్గొట్నాడంటివే?"

నా దగ్గర జవాబు లేదు. నాయన కూడా ఇంకేం అడగలేదు. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కే దాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

పాతదాని మీద ఎ 50కె అని ఉంది. అనంతపురంలో తిరిగితే బి 50కె దొరికింది. విలువ ఒకటే కదా అని తెచ్చేశాను. బిగించి ఆన్ చేస్తే, నాబు కొంచెం కదిలించగానే ఇల్లంతా అదిరింది. అక్కణ్ణుంచి చివరిదాకా తిప్పినా పెద్ద తేడా లేదు. "మైకయితే ఈపాటికి కుయ్‌మని కూసేది. సన్నగా మొదలై ఎక్కల్ల" అన్నాడు నాయన. ఎ అంటే లాగ్, బి అంటే లీనియర్. మన చెవి శబ్దాన్ని దాదాపు లాగరిథమ్ లెక్కన వింటుంది. లీనియర్‌ను సగం తిప్పితే వోల్టేజి సగమవుతుంది, అంటే ఫుల్ కంటే తగ్గేది 6 డెసిబెల్సే. ఇంటర్లో లాగరిథమ్స్ బట్టీ కొట్టినప్పుడు ఇవి ఎక్కడ పనికొస్తాయో ఎవరూ చెప్పలేదు.

నాయన బిస్కెట్ డబ్బాలో వెతికి ఒక 10కె రెసిస్టర్ తీశాడు. దాన్ని మధ్య కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య పెట్టించాడు. ఎందుకని అడిగితే "అట్లనే పెడతాం" అన్నాడు. రాత్రి పైథాన్‌లో లెక్క కట్టి చూశాను. సగం తిప్పితే ఇప్పుడు వచ్చేది సగం కాదు, సుమారు 22 శాతం. అంటే 13 డెసిబెల్స్ తక్కువ. గ్రాఫ్ గీసి చూపించాను. నాయన చూసి "ఊ" అన్నాడు, అంతే.

ఇంక నాబు. పాతది ముక్కలైపోయింది. నాయన అటక మీది మైకుసెట్టు యాంప్లిఫయర్ దించి, దాని నాబు స్క్రూ వదులు చేసి లాగాడు. దాంట్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని టవల్ కొసతో తుడిచాడు. "ఆ సెట్టు ఇంక మోగదులే" అంటూ నా చేతిలో పెట్టాడు. ఆరు మిల్లీమీటర్ల కడ్డీకి సరిగ్గా కూర్చుంది.

యాంప్ క్లబ్బుకు చేరి నెల దాటింది. గ్రూపులో నాకు థాంక్స్ చెప్పినవాళ్లకు ఇదే జవాబు. ఆ తమ్ముడికి మాత్రం పోయిన వారం క్యాంటీన్ దగ్గర విడిగా చెప్పాను. చాలాసేపు టీ గ్లాసునే చూశాడు. "గ్రూపులో అందరి ముందూ తిట్టారు కదన్నా" అన్నాడు. అందుకే మ్యాగజైన్‌లో రాస్తానన్నాను.

"రాయన్నా. నా పేరు మాత్రం వద్దు, నీ పేరు వేసుకో" అన్నాడు.