రీలు లేని కెమేరా



మొన్న బీరువా సర్దుతుండగా అడుగు అరలో నాలుగు సీడీలు బయటపడ్డాయి. వాటి మీద నా దస్తూరీతోనే "తొమ్మిదవ తరగతి, తెలుగు, బొమ్మలు, 2007-08" అని ఉంది. ఇప్పటి మా ఇంటి కంప్యూటరుకు సీడీ పెట్టే చోటే లేదు. పక్కింటి కుర్రవాడు ఎక్కడినుంచో పాత డ్రైవు ఒకటి తెచ్చి మూడింటిని తెరిచాడు. నాలుగవది గీతలు పడి మూగబోయింది. తెరిచిన వాటిలో ఒక బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి ఎప్పుడో చెప్పుకోవలసినది, ఇన్నేళ్ళూ దాచుకున్నాను.

నేను ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ ముగించి, 1986లో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా చేరాను. పద్యాన్ని రాగయుక్తంగా చదవడం, ప్రతిపదార్థం, తాత్పర్యం, నల్లబల్ల మీద గణవిభజన. మాకు అబ్బిన విద్య ఇదే. దానికి లోటు చేశానని నన్నెవరూ అనలేదు. అయితే మన నిఘంటువులలో ఒక గడుసు మాట ఉంది: "వృక్షవిశేషము". పిట్ట అయితే "పక్షివిశేషము". అర్థం అడగవచ్చినవాడికి మర్యాదగా తలుపు వేసే మాట అది. పొన్న, పొగడ, సురపొన్న అన్నీ ఆ ఒక్క మాట కిందనే ఒదిగిపోయేవి. పరీక్షలో పిల్లలు "ఒక రకమైన చెట్టు" అని రాసేవారు. నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి. అంతకంటే నాకు మాత్రం ఏమి తెలుసు గనుక!

2007 ఉగాదికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ చిన్న డిజిటల్ కెమేరా తెచ్చాడు. నాలుగు మెగాపిక్సెళ్ళది, రెండు పెన్సిల్ సెల్లులతో నడిచేది. మనవడి ఫొటోలు తీసుకొమ్మని వాడి ఉద్దేశం. అంతకుముందు నాకు తెలిసిన కెమేరా వార్షికోత్సవాలకు వచ్చే స్టూడియోవాడిదే. రీలుకు ముప్పైఆరు బొమ్మలు, ఒక్కొక్కటి లెక్కపెట్టి నొక్కేవాడు. ఇందులో ఆ జంకు లేదు, పాడైతే చెరిపేయవచ్చు. "డిజిటల్" అన్నదానికి తెలుగు మాట పెట్టాలని నాలుగు రోజులు తంటాలు పడ్డాను. ఏది పెట్టినా సంస్కృత సమాసమై కూర్చున్నది. జూన్‌లో బడి తెరిచాక పిల్లలు చూసి "రీలు లేని కెమేరా" అన్నారు. నా పాండిత్యం అక్కడితో సరి.

తీసిన బొమ్మను తరగతి మొత్తానికి చూపడం ఎట్లా అన్నది మొదటి చిక్కు. ప్రొజెక్టరు మా బడి ఎరుగదు. ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక కలర్ టీవీ గుడ్డ కప్పుకొని ఉండేది. కెమేరాతో పాటు వచ్చిన తీగలలో పసుపు మొన ఉన్నదాన్ని టీవీ వెనుక పసుపు రంధ్రంలో దోపితే బొమ్మ తెర మీదికి వస్తుందని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. వచ్చింది. ఎరుపు కాస్త చెదిరినట్టు కనిపించేది, కానీ అరవైమంది ఒక్కసారిగా "ఓ" అన్న ఆ అరుపు ఏ పద్యానికీ నేను రప్పించుకోలేకపోయాను. కొంచెం అసూయ కూడా కలిగిందని చెప్పాలి.

తొలినాళ్ళలో పొరపాట్లు చాలా చేశాను. గురివింద సామెత చెబుతూ గింజను బాగా దగ్గరనుంచి తీసి తెరనిండా చూపించాను. పట్నంనుంచి కొత్తగా వచ్చి చేరిన ఒక పిల్లవాడు అది రేగుపండంత ఉంటుందనుకున్నాడు. ఆ తరువాత ఏ చిన్న వస్తువు తీసినా పక్కన రూపాయి బిళ్ళ పెట్టడం నేర్చుకున్నాం. పొగడపూవు తీసి చూపితే వెనుక బల్లనుంచి "వాసనెట్లుంటది సార్?" అని ప్రశ్న వచ్చింది. గుడి ఆవరణలో ఎండి రాలిన పూలు ఏరి, రుమాలులో కట్టి తెచ్చి చేతికిచ్చాను. పొగడ ఎండినా వాసన వీడదు గనుక బతికిపోయాను. ఇంకొకసారి పిల్లల కాపీ పుస్తకాలలో థ-ధ, శ-ష తికమకలను ఫొటో తీసి, పేర్లు కనిపించకుండా టీవీలో పెట్టి, తప్పులు పట్టమన్నాను. పాఠం చక్కగా సాగింది. ఒక పిల్లవాడు మాత్రం తన అక్షరాలను గుర్తుపట్టి తల వంచేశాడు. పేరు దాచితే చాలదనీ, చేతిరాత కూడా ముఖమేననీ నాకు తట్టలేదు. ఆ పని మళ్ళీ చేయలేదు.

2008 సంక్రాంతి సెలవుల తరువాత ఒక వసంతవర్ణన పునశ్చరణకు వచ్చింది. అందులో కింశుకాలు ఉన్నాయి. కింశుకమంటే మోదుగు. "కిం శుకః? ఇది చిలుకా ఏమి?" అని వ్యుత్పత్తి చెప్పి, కిటికీలోనుంచి బడి ఆవరణలోని ఎర్రపూల చెట్టును చూపించడం నాకు ఇరవైఒక్క ఏళ్ళ అలవాటు. చెట్టు అప్పుడు పూతలో లేకపోయినా "వేసవిలో చూస్తారుగా" అనేవాణ్ణి. ఈసారి పాఠంలో వచ్చే చెట్లను పిల్లలనే తీసుకురమ్మన్నాను. శనివారం సాయంత్రం కెమేరా ఇవ్వడం, సోమవారం తీసుకోవడం. తోటి ఉపాధ్యాయులు వద్దన్నారు. ఒక్కసారి కూడా అది పాడుకాలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో అది ఒక అమ్మాయి వంతు. ఆరు కిలోమీటర్ల అవతల కోయగూడెం నుంచి నడిచి వచ్చేది. నోరు విప్పి మాట్లాడగా నేను వినలేదు. సోమవారం తీగ తగిలించగానే తెర మీద ఒక్క ఆకు లేని చెట్టు, కొమ్మకొమ్మనా నిప్పు. రెండవ బొమ్మలో ఒకే పువ్వు, దగ్గరనుంచి. నల్లని మఖమలు వంటి తొడుగు, దానిలోనుంచి వంగి వచ్చిన నారింజరంగు ముక్కు. పక్కన రూపాయి బిళ్ళ. చిలుక ముక్కే.

"ఇది మోదుగపువ్వు సార్" అన్నది. కొంచెం ఆగి, "మన బడి చెట్టు మోదుగ కాదు సార్. అది తురాయి. ఎండకాలం సెలవులల్ల పూస్తది."

తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆశ్చర్యం లేదని గమనించి, "మీకందరికీ తెలుసా?" అని అడిగాను. ముందు ఎవరూ పలకలేదు. చివరకు ఆ అమ్మాయే, "తెలుసు సార్. పరీక్షల మీరు చెప్పినట్టే రాస్తం" అన్నది.

మాది మధిర వైపు మాగాణి ఊరు. మోదుగాకు విస్తట్లో ఎన్ని భోజనాలు చేశానో లెక్క లేదు. ఆకు తెలుసు, పువ్వు తెలియదు. పూత వచ్చేనాటికి ఆ చెట్టు ఆకు రాల్చేస్తుంది. బస్సులోనుంచి అడవి అంచున ఎర్రగా కనిపించిన చెట్లన్నిటినీ నేను ఒక్కటిగానే చూశాను. తురాయిపూవులో చిలుకముక్కు ఎక్కడుందో ఇరవైఒక్క ఏళ్ళలో ఒక్కనాడైనా వెదకలేదు. మా జీవశాస్త్రం మాస్టారిని అడిగితే, తురాయి పుట్టినిల్లు మడగాస్కరు దీవి అనీ, మన దేశానికి పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిందనీ చెప్పారు. అంటే మన ప్రాచీన కవులలో ఒక్కరైనా కళ్ళతో చూసి ఉండని చెట్టును వారి పద్యాలకు నేను అంటగట్టాను! గురివింద సామెత చెప్పిన నోరే ఇది.

మరునాడు తరగతిలో, "నేను తప్పు చెప్పాను, కొట్టివేసి రాసుకోండి" అన్నాను. ఆ మాట అనడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఇంటికి వచ్చాక పట్టుకున్న దిగులే వేరు. ఈ బడిలో ఏడాదికి అరవైమంది, ఇరవైఒక్క ఏళ్ళు. అందులో చెట్లెరిగిన పిల్లలు నన్ను సహించి ఊరుకున్నారు. ఎరుగని పిల్లలు నన్ను నమ్మారు. వారినెక్కడ వెదకను?

ఒక్కడు మాత్రం తెలుసు. తొలి సంవత్సరాల నా శిష్యుడు, నా దారినే పండిత శిక్షణ పొంది మరొక జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. రెండు రోజులు వెనుకాడి ఫోను చేశాను. విషయమంతా చెప్పాక అవతల కాసేపు మాట లేదు. తరువాత నవ్వు.

"సార్, మా బడి గేటు దగ్గర కూడా తురాయే ఉంది. పదకొండేళ్ళుగా దాన్నే చూపిస్తున్నాను" అన్నాడు.

ఆ రాత్రి నెట్ సెంటరుకు వెళ్ళి ఆ అమ్మాయి తీసిన రెండు ఫొటోలూ అతనికి పంపాను. మరునాడు ఉదయమే ఫోను. వాళ్ళ ఊళ్ళో అంత పెద్ద బొమ్మలు దిగడం లేదట, సైజు తగ్గించి మళ్ళీ పంపమన్నాడు. రూపాయి బిళ్ళ మాత్రం కత్తిరించవద్దన్నాడు.