992 యూరోలు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో నా ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ ఇంకా మూడు వారాలే. ఫ్రెండ్స్ రోజులు లెక్కపెడుతున్నారు, నేను యూరోలు.

నా స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్ చూపించాలి. నెలకు 992 చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు ముందే కట్టాలి. ఇక్కడికి వచ్చాక నెలనెలా 992 వదులుతారు. ఆ డబ్బులో కొంత అమ్మ తన హారం కుదవ పెట్టి తెచ్చింది. మాది ప్రొద్దుటూరు. వీధి నిండా బంగారు అంగళ్లే, మా ఇంట్లో మాత్రం ఆ హారం ఒక్కటే. ఇక్కడ డబ్బుకి లాక్, అక్కడ నగకి లాక్. పులివెందులలో ఓఎస్ క్లాసులో విన్న డెడ్‌లాక్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అందుకే రోజూ హాస్టల్ కిచెన్‌లోనే వండుకున్నా. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి, వాటినీ వదల్లేదు. అద్దె, ఖర్చులు పోను 1,100 యూరోలు మిగిలాయి.

చివరి వారం అందరూ ప్రాగ్ పోతున్నారు. రైల్లో రెండున్నర గంటలే. నేను రానన్నా. ఆ మాట జమ్మలమడుగులో ఉన్న అవ్వకి ఎట్లా చేరిందో, ఫోన్ చేసింది.

"హారం యాడికీ పోదు పాపా. గండికోట పక్కనే ఉన్నా, నేను చూసింది పెండ్లయిన ఇరవై ఏండ్లకి. నువ్వు పోయి చూసి రా."

టికెట్ కొన్నా. మిగిలే డబ్బు హారం విడిపించడానికి చాలదు, వడ్డీ మాత్రం తీరుతుంది. అసలు నా మొదటి జీతాల్లోంచి కడతా.

మీలో ఎవరైనా ఎక్స్ఛేంజ్‌కి అప్లై చేస్తుంటే, కోర్సుల లిస్టుతో పాటు ఈ లెక్క కూడా అమ్మానాయనల పక్కన కూర్చొని వేయండి.